భాషేతర విద్యార్థుల ఇంగ్లిషు: జంషెడ్‌పూర్ అగ్రికో నుంచి ఒక పరిశీలన

ఇంగ్లిషు సాహిత్యాన్ని గాని భాషాశాస్త్రాన్ని గాని ప్రధానాంశంగా తీసుకోకుండా వాణిజ్యం, విజ్ఞానం, ఇంజినీరింగు, వైద్యం వంటి చదువుల్లో చేరి, దారిలో ఇంగ్లిషు కూడా సంపాదించుకోవలసి వచ్చేవాళ్లను భాషేతర విద్యార్థులంటారు. కళాశాలల్లో అధిక సంఖ్య వీళ్లదే. వీళ్లకు ఇంగ్లిషు ఒక పేపరు. మిగతా పేపర్లన్నీ రాయవలసింది కూడా చాలాచోట్ల అందులోనే. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరం, అందులోనూ అగ్రికో పేట, ఈ విషయాన్ని చూడడానికి అనువైన చోటు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిషు అన్న బతుకు అక్కడి తెలుగు పిల్లలకు పుట్టుకతో వస్తుంది. ఒక భాష ఎక్కడ ఆగి ఇంకొకటి ఎక్కడ అందుకుంటుందో వాళ్ల దగ్గర కంటికి కనిపిస్తుంది.

ఇంగ్లిషు ముక్కల ఊరు

అగ్రికో అన్నది ఊరి పేరు కాదు, కంపెనీ పేరుకు పొట్టి రూపం. వ్యవసాయ పనిముట్ల కంపెనీ అనే ఇంగ్లిషు పేరును కత్తిరిస్తే మిగిలిన ముక్క. పారలు, గునపాలు, కొడవళ్ల మీద ‘టాటా అగ్రికో’ ముద్ర చూసిన తెలుగు రైతులు చాలామందే ఉంటారు. అదే పేరుతో ఒక పేట ఉందని ఎరిగినవాళ్లు తక్కువ. జంషెడ్‌పూర్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1945లో మొదలైన ఇంజను, లారీల కంపెనీ పేరు కురచై టెల్కో అయింది, దాని చుట్టూ ఉన్న కాలనీకీ అదే పేరు పడింది. టిన్‌ప్లేట్, కేబుల్ టౌన్, బర్మా మైన్స్ అన్నీ ఆ బాపతువే. 1907లో పుట్టిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ ‘టిస్కో’ అయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు సాక్చికి జంషెడ్‌పూర్ అని, కాళీమాటి స్టేషనుకు టాటానగర్ అని పేర్లు పెట్టాడు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడు అక్షరాలు రాకముందే చిరునామా చెప్పడంతో ఇంగ్లిషు మొదలుపెడతాడు, అది ఇంగ్లిషని తెలియకుండానే.

ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చిన తెలుగువాళ్లలో ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎక్కువ. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు గుర్తులు. మొదటి తరానికి ఇంగ్లిషు వచ్చా అంటే వచ్చు, రాదు. ఫర్నేసు, రోలింగు మిల్లు, గేటు పాసు, ఎ షిఫ్టు, బి షిఫ్టు, ఓవర్‌టైము: నామవాచకాలన్నీ నోటికొచ్చు, వాటిని కలిపే క్రియ మాత్రం తెలుగుదో హిందీదో. 1921లో కంపెనీ పెట్టిన సాంకేతిక శిక్షణాలయం తరవాతి తరాలకు డ్రాయింగు చదవడం, కొలతలు రాయడం నేర్పింది. పూర్తి వాక్యం కావాలన్న అవసరం మనవల తరానికి వచ్చింది. నామవాచకాల నుంచి వాక్యానికి మూడు తరాలు పట్టిందన్నమాట. కళాశాల ఆ పనినే మూడేళ్లలో అయిపోవాలంటుంది.

స్టీలు, ఇస్టీల్

అగ్రికో, భాలుబాసా, సిద్‌గోడా ప్రాంతాల తెలుగు విద్యార్థికి ఇంగ్లిషు రెండో భాష కాదు. తెలుగు, హిందీ, చుట్టుపక్కల వినిపించే బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో మాటలు అయ్యాక దాని వంతు. జార్ఖండ్ ప్రభుత్వం ద్వితీయ అధికార భాషలుగా గుర్తించిన పట్టికలో బెంగాలీ, ఒడియా, సంతాలీ వంటివి ఉన్నాయి గాని తెలుగు లేదు. తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రానివాళ్లు అక్కడ చాలామంది.

ఈ బహుభాషా నేపథ్యం ఉచ్చారణలో ఎలా తేలుతుందో ఒక్క మాటతో చూపవచ్చు. ఊరికి అన్నం పెట్టే మాటే అది. తెలుగు అజంత భాష; మాట అచ్చుతో ముగియకపోతే నోరు ఊరుకోదు. కాబట్టి తెలుగింట అది ‘స్టీలు’. హిందీవాళ్ల నోరు మాట మొదట్లో స-కారానికి వేరే హల్లు తగిలితే ఊరుకోదు, ముందొక అచ్చు తగిలిస్తుంది. కాబట్టి పక్కింట అది ‘ఇస్టీల్’. ఒకరు తోక పెడతారు, ఒకరు కొమ్ము పెడతారు. అగ్రికో తెలుగు కుర్రాడు అమ్మతో ‘స్కూలు’ అని, స్నేహితులతో ‘ఇస్కూల్’ అని, టీచరుతో రెండూ తీసేసి అనగలడు. ఎదుటి మనిషిని బట్టి నాలుక మార్చుకునే ఈ నేర్పు భాషాభ్యాసంలో పెద్ద పెట్టుబడి. తరగతిలో దీనికి ఒక్క మార్కు కూడా పడదు. అక్కడ అతన్ని ‘ఇంగ్లిషు రానివాడు’ అన్న ఒకే లెక్కలో వేస్తారు.

చదివితే చాలునన్న కాలం

భాషేతర విద్యార్థికి ఎంత ఇంగ్లిషు కావాలన్న ప్రశ్న కొత్తది కాదు. 1920లలో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ చూసిన మైకేల్ వెస్ట్, బెంగాలు విద్యార్థికి ముందు కావలసింది చదివి అర్థం చేసుకునే శక్తి అని, మాట్లాడడం తరవాతి సంగతని వాదించాడు. 1926లో వచ్చిన అతని ద్విభాషా అధ్యయనం సారం ఇదే. అతనే 1953లో సుమారు 2000 మాటల సాధారణ పదపట్టిక ప్రచురించాడు. స్వాతంత్ర్యం తరవాత దారి పెద్దగా మారలేదు. 1964–66 కొఠారీ కమిషన్ ఇంగ్లిషును ‘గ్రంథాలయ భాష’గా చూసింది: పాఠం మాతృభాషలో చెప్పుకోవచ్చు, పైచదువుకు కావలసిన పుస్తకాలు మాత్రం ఇంగ్లిషులో చదువుకోగలగాలి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాదులో పెట్టిన కేంద్ర ఇంగ్లిషు సంస్థే 2007లో ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది.

తెలుగునాట ఇదే కాలంలో ఇంకో ప్రయత్నం సాగింది. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమి ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులో తెచ్చింది. భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం తెలుగులో చదివి డిగ్రీ పుచ్చుకున్న తరాలున్నాయి. ఆ తరవాత గాలి ఇంగ్లిషు వైపు తిరిగింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం పల్లెటూళ్ల పదో తరగతి పిల్లల్ని తీసుకుని నేరుగా ఇంగ్లిషు మాధ్యమంలో ఇంజినీరింగు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమానికి మార్చింది. చిత్రమేమిటంటే, 2020 జాతీయ విద్యావిధానం మాతృభాషల వైపు మొగ్గడం, ప్రాంతీయ భాషల్లో ఇంజినీరింగు చెప్పుకోవచ్చని అనుమతులు రావడం కూడా ఆ రోజుల్లోనే. ఒకే ఏడాది రెండు బండ్లు ఎదురెదురుగా నడిచాయి.

జంషెడ్‌పూర్ కళాశాలలు మొదట రాంచీ విశ్వవిద్యాలయం కింద ఉండి, 2009లో చైబాసా కేంద్రంగా ఏర్పడ్డ కొల్హాన్ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. కోఆపరేటివ్ కళాశాల, కరీం సిటీ కళాశాల, వర్కర్స్ కళాశాల, సాక్చిలోని గ్రాడ్యుయేట్ కళాశాల అగ్రికో పిల్లలకు అందుబాటులో ఉన్నవి. డిగ్రీలో ఇంగ్లిషు సామర్థ్యం పెంచే చిన్న తప్పనిసరి పేపరుగా వస్తుంది: వ్యాసం, ఉత్తరం, సంగ్రహం, కాస్త వ్యాకరణం. గైడు పుస్తకం కొని పరీక్షకు వారం ముందు తెరిస్తే గట్టెక్కవచ్చునని అందరికీ తెలుసు. బట్టీకి అక్కడి మాట ‘రట్టా’. దీన్ని సోమరితనంగా కొట్టిపారేయడం సులువు. ఆ పేపరు అడిగేది అంతే, పిల్లలు ఇచ్చేదీ అంతే.

రికార్డు పుస్తకం, జర్నలు పద్దు

భాషేతర విద్యార్థి అసలు ఇంగ్లిషు నేర్చుకునేది ఇంగ్లిషు పీరియడులో కాదు, తన శాస్త్రంలో. 1987లో హచిన్సన్, వాటర్స్ ‘ప్రత్యేక ప్రయోజనాల ఇంగ్లిషు’ మీద రాసిన పుస్తకం మొదలు పెద్ద చర్చే నడిచింది: విద్యార్థికి ఏ పని పడుతుందో చూసి, ఆ పనికి సరిపడా భాష నేర్పాలని దాని సారం. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో కళలు, వాణిజ్యం, న్యాయశాస్త్రం, విజ్ఞానం నాలుగింటి పుస్తకాలనూ జల్లెడ పట్టి, అన్నిటిలోనూ తగిలే 570 పదకుటుంబాలను పట్టికగా ఇచ్చింది. సిద్ధాంతం అలా ఉండగా, అది రికార్డు పుస్తకంలో ఎలా నడుస్తుందో చూడాలి.

బీఎస్సీ రసాయనశాస్త్రం మొదటి ఏడాది. టైట్రేషను ప్రయోగం. పిల్ల చేతులతో చేసేది ఇది: పిపెట్టుతో ద్రావణం తీసుకుని, ఫ్లాస్కులో పోసి, సూచిక రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టు విప్పి, రంగు మారగానే ఆపేస్తుంది. తెలుగులో ఇది ఒక్క వాక్యం. ‘తీసుకుని, పోసి, వేసి, విప్పి’ అంటూ క్త్వార్థకాలు గొలుసుకట్టుగా వచ్చి చివరి క్రియ దగ్గర తేలతాయి. హిందీలోనూ ‘లేకర్, డాల్‌కర్’ అని అదే గొలుసు. ఈ అలవాటుతో ఆమె సొంతంగా ఇంగ్లిషులో రాస్తే ‘ఐ టుక్ సొల్యూషన్ అండ్ పుట్ ఇన్ ఫ్లాస్క్ అండ్ యాడెడ్ ఇండికేటర్ అండ్…’ అని ‘అండ్’ల దండ అవుతుంది. రికార్డు అడిగేది మాత్రం ‘ట్వెంటీ ఎమ్మెల్ ఆఫ్ ద సొల్యూషన్ వాజ్ పిపెటెడ్ అవుట్’ అనే వాక్యం. చేసిన మనిషి అందులో లేదు. పని మాత్రం జరిగిపోయింది. తెలుగులో ‘తీసుకోబడింది’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం ‘తీసుకున్నారు’ అని బహువచనంలో తప్పుకుంటాం. కర్మణి ప్రయోగాన్ని పాఠశాలలో వాక్యాలు మార్చే ఆటగా నేర్చుకున్న పిల్లకు దాని అవసరం మొదటిసారి ఇక్కడ తగులుతుంది. తగిలిన చోట ఎవరూ చెప్పరు. రసాయనశాస్త్రం అయ్యగారు అది ఇంగ్లిషు మేడమ్ పని అనుకుంటారు, ఇంగ్లిషు మేడమ్‌కు టైట్రేషన్‌తో పని లేదు. పిల్ల సీనియరు రికార్డు తెచ్చుకుని ఎక్కించుకుంటుంది. నాలుగైదు ప్రయోగాలు ఎక్కించాక ‘వాజ్ టేకెన్, వాజ్ యాడెడ్, వర్ నోటెడ్’ చేతికి అలవాటవుతాయి. చూసి రాయడం నుంచే కొంత భాష లోపలికి దిగుతుందని ఒప్పుకోక తప్పదు.

వాణిజ్యశాస్త్రం వరస వేరు. అక్కడ భాష ముందే అచ్చుపోసి ఉంటుంది. జర్నలులో ప్రతి పద్దు కింద ‘బీయింగ్ గూడ్స్ సోల్డ్ ఫర్ క్యాష్’ అని వివరణ రాయాలి. లెడ్జరులో ఎడమ పక్క ‘టు’, కుడి పక్క ‘బై’. ఆ ‘బీయింగ్’ ఏ జాతి మాటో, ఆ ‘టు’కు అర్థమేమిటో మూడేళ్లు రాసినవాళ్లు కూడా చెప్పలేరు, తప్పు మాత్రం రాయరు. కొట్టులో చిట్టా రాసే గుమాస్తాకు ‘శ్రీరామ’ ఎలాగో వీళ్లకు ‘బీయింగ్’ అలాగ. ఇంజినీరింగులో సమీకరణాలూ బొమ్మలూ మోసేసినంత వరకు భాష మోయనక్కర్లేదు కాబట్టి, వాక్యం రాయడం రాకుండానే మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లున్నారు. భాష అవసరం వాళ్లకు చివరి ఏడాది ప్రాజెక్టు నివేదికతో ఒక్కసారిగా మీద పడుతుంది.

ఖర్కాయి అవతల

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. 1960లో ప్రాంతీయ సాంకేతిక కళాశాలగా మొదలై 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అయిన ఎన్ఐటీ అక్కడే ఉంది. ఇలాంటి సంస్థల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి, సగం బయటివి. జేఈఈ ర్యాంకు పట్టుకుని విజయవాడ నుంచో వరంగల్లు నుంచో వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఈ రెండో సగంలో ఉంటారు. 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను తెలుగులోనూ రాయవచ్చు. ఎంట్రన్సు దాకా తెలుగు సాయం వస్తుంది, హాస్టలు గేటు దగ్గర ఆగిపోతుంది.

నదికి ఈ పక్క అగ్రికో తెలుగు కుర్రాడు, ఆ పక్క కోస్తా తెలుగు కుర్రాడు. ఇద్దరి ఇంగ్లిషూ ఒక్కలా పెరగదు. అగ్రికో అబ్బాయికి హిందీ నీళ్లప్రాయం. క్యాంటీను, ఆటో, లైబ్రరీ గుమాస్తా, ఆఖరికి అధ్యాపకుడితో సందేహం కూడా హిందీలో గడిచిపోతుంది. ఇంగ్లిషులో నోరు విప్పే అవసరం రోజులో ఒక్కసారి కూడా రాదు. రెండోవాడికి హిందీ రాదు. మొదటి సెమిస్టరంతా మెస్సులో కూర ఇంకొంచెం అడగాలన్నా, గదిలో ఫ్యాను రిపేరు చెప్పాలన్నా వచ్చీరాని ఇంగ్లిషే గతి. తప్పో ఒప్పో మాట్లాడతాడు, గత్యంతరం లేక. ఏడాది తిరిగేసరికి ఇద్దరిలో ఎవరి నోరు తిరిగిందో చెప్పనక్కర్లేదు. మరో ఏడాదికి కోస్తా కుర్రాడికి హిందీ పట్టుబడుతుంది, ఇంగ్లిషు వేగం అక్కడితో మందగిస్తుంది. అవసరం భాష నేర్పుతుందన్నది పాత మాటే; ఆ అవసరాన్ని పక్కనున్న ఇంకో భాష తీర్చేయగలదన్నది ఇక్కడ చేర్చుకోవాలి.

గార్డ్‌నర్, లాంబర్ట్ అనే కెనడా మనస్తత్వవేత్తలు 1959 నుంచి చెప్పిన విభజన ఒకటుంది: ఉద్యోగం, పరీక్ష వంటి లాభం కోసం నేర్చుకోవడం ఒకటి, ఆ భాష మాట్లాడేవాళ్లలో కలిసిపోవాలని నేర్చుకోవడం ఒకటి. కెనడాలో ఫ్రెంచివాళ్లు పక్క వీధిలో ఉన్నారు. అగ్రికోలో కలిసిపోవడానికి ఇంగ్లిషువాళ్లెవరు? జోల్తన్ దోర్‌న్యె 2005లో దీన్ని సరిచేసి, మనిషి తాను రేపు ఎలా ఉండాలనుకుంటాడో ఆ ఊహే ప్రేరణ అన్నాడు. ఇది మన చోటుకు నప్పుతుంది. బీకాం బెంచీ మీద జార్ఖండ్ బోర్డు హిందీ మాధ్యమం నుంచి వచ్చినవాడు, లయోలా వంటి ఇంగ్లిషు బడి నుంచి వచ్చినవాడు పక్కపక్కన కూర్చుంటారు. మొదటివాడు భయపడేదీ, అలా కావాలనుకునేదీ లండను మనిషిని చూసి కాదు, తన పక్కవాణ్ని చూసి.

మైసెల్ఫ్

వందేళ్లుగా నిపుణులు చదివితే చాలన్నారు. ఉద్యోగమిచ్చేవాడు మాట్లాడమన్నాడు. ఆ రెంటి నడుమ పడ్డ ఖాళీలో కళాశాల బయట ఒక వ్యాపారం లేచింది. సాక్చి బజారులోనైనా, హైదరాబాదు అమీర్‌పేటలోనైనా స్పోకెన్ ఇంగ్లిషు బోర్డుల సరుకు ఒకటే. అంతకుముందే ఇంగ్లిషు మాట్లాడడం నేర్పే ‘రాపిడెక్స్’ పుస్తకం హిందీ, తెలుగు సహా పలు భాషల వాకిళ్లకు చేరింది; క్రికెటరు కపిల్‌దేవ్ దానికి ప్రచారం చేశాడు. తెలుగునాట ‘ఈనాడు’ ప్రతిభ పేజీలో ఎం. సురేశన్ స్పోకెన్ ఇంగ్లిషు పాఠాలను కత్తిరించి, ఫైలు కుట్టుకుని దాచుకున్నవాళ్లు ఎందరో. హైదరాబాదు జేఎన్‌టీయూ ఇంజినీరింగు సిలబసులోకే భాషా ప్రయోగశాలను తెచ్చింది: ఒక భాగం కంప్యూటరు ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ వినడం, ఇంకో భాగం గుంపుచర్చ, ఒక నిమిషం ప్రసంగం. ఆ ఒక్క నిమిషాన్ని ‘జామ్’ అంటారు. చాలామందికి జీవితంలో అతి పొడుగైన నిమిషం అదే.

ప్రాంగణ నియామకాల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘నీ గురించి చెప్పు’. జవాబు ఎక్కడైనా ‘మైసెల్ఫ్’తో మొదలవుతుంది. తరవాత తండ్రి పేరు, చదువు, బలం, బలహీనత అన్నీ వరసగా, అప్పజెప్పినట్టే. అగ్రికో తెలుగు పిల్లలకు ఇందులో ఒక చిక్కు ఉంది: ‘మై నేటివ్ ప్లేస్ ఈజ్’ దగ్గర ఆగిపోతారు. ఇంట్లో ‘మా నేటివ్ శ్రీకాకుళం’ అని వినీ వినీ పెరిగారు. తాము అక్కడికి వెళ్లింది పెళ్లిళ్లకు. జంషెడ్‌పూర్ అంటే తాతను కాదన్నట్టు, శ్రీకాకుళం అంటే తర్వాతి ప్రశ్నకు జవాబు లేనట్టు. ఇది వ్యాకరణం తెచ్చిన తడబాటు కాదు. అయినా ఎదుటివాడు దాన్ని ఇంగ్లిషు రాకపోవడం కింద రాసుకుంటాడు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో ఇంగ్లిషు మాట్లాడి చూపమంటే గిరీశం, వెంకటేశం చేసే హంగామా తెలుగువాళ్లందరికీ గుర్తే. అర్థంతో నిమిత్తం లేకుండా ధారగా మాటలు దొర్లితే చాలు, వినేవాళ్లు మురిసిపోయారు. నియామకాలకు తయారయ్యే కంఠపాఠంలోనూ ఆ ధారకే విలువ. తేడా ఏమిటంటే ఎదుటివాడికి ఇప్పుడు ఇంగ్లిషు వచ్చు.

మాట్లాడలేకపోవడంలో భయానిది పెద్ద వాటా. ఎలేన్ హార్విట్జ్, సహచరులు 1986లో తరగతిలో పరభాష మాట్లాడే భయాన్ని కొలవడానికి 33 ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. మన పిల్లలు దాన్ని ఒక్క మాటలో చెబుతారు: నామోషీ. తప్పు దొర్లితే నవ్వేది పరాయివాళ్లు కాదు, పక్క బెంచీవాళ్లే. రెబెకా ఆక్స్‌ఫర్డ్ 1990లో అభ్యాసకుల ఉపాయాలను ఆరు తెగలుగా విడదీసింది. జ్ఞాపకం, ఊహించి నెట్టుకురావడం మనవాళ్లకు పుష్కలం. తమ చదువును తామే ప్రణాళిక వేసుకోవడం, భయాన్ని అదుపు చేసుకోవడం తక్కువ. కాలం, చోటు, పక్కన నవ్వని మనిషి ఉంటేనే అవి కుదురుతాయి. అందుకే అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు జట్టుకట్టి, ఇంటికి నడిచే దారిలో ఇంగ్లిషే మాట్లాడాలని పందెం వేసుకోవడం తరగతి కన్నా బాగా పనిచేస్తుంది.

ఫోను, రోమను లిపి

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థుల ముందు తరానికి జీఆర్ఈ అంటే బారన్స్ పుస్తకంలోని 3500 మాటల పట్టిక. వ్యతిరేకపదాలు, పోలికల ప్రశ్నలు 2011లో పోయాక ఆ బట్టీకి పదును తగ్గింది. ఇప్పటి పిల్లలకు వీడియోలు, అనువాద యంత్రాలు, 2022 చివర నుంచి చాట్‌జీపీటీ వంటివి చేతిలో ఉన్నాయి. సీనియరు రికార్డు చేసిన పని ఫోను చేస్తోంది. ఒక తేడా ఉంది: సీనియరు రికార్డును చేత్తో ఎక్కించుకోవాలి, ఆ ఎక్కించడంలోనే కొంత అబ్బేది. ఫోను ఇచ్చింది నేరుగా ముద్రణకు పోతుంది. మరోపక్క, ఎవరూ నవ్వరని రాత్రిపూట యంత్రంతో ఇంగ్లిషులో మాట్లాడుకునేవాళ్లూ తయారయ్యారు. నామోషీకి ఇంతకాలం దొరకని మందు అందులో ఎంతోకొంత ఉంది.

తెలుగు చదవడం రాని అగ్రికో పిల్లలు శ్రీకాకుళంలోని మేనత్త పిల్లలకు వాట్సాప్‌లో రాసేది తెలుగే, ఇంగ్లిషు అక్షరాలతో. ‘ఎప్పుడొస్తున్నావ్’ అని అడగడానికి వాళ్లకున్న లిపి అదొక్కటే. అవతలివైపు తెలుగు బడిలో చదివినవాళ్లు కూడా అదే అక్షరాలతో జవాబిస్తారు.